శుకవాక్యం - ఆప్తవాక్యం : వృద్ధులతో మాటలాడే యంత్రాలపై ఒక విచారణ

సోమదేవభట్టు 11వ శతాబ్దిలో రచించిన కథాసరిత్సాగరంలో, రత్నప్రభా లంబకమందు, ఒక విచిత్ర నగరం వర్ణింపబడినది. నరవాహనదత్తుడు గోముఖునితో కూడి ఆ నగరంలో ప్రవేశించి, అంగడివీథిలో వర్తకులను, స్త్రీలను, పౌరులను చూస్తాడు. అందరూ కొయ్యతో చేసిన యంత్రాలే. ప్రాణమున్నవారివలెనే కదులుతుంటారు. మాట లేకపోవుటచేత మాత్రమే వారు నిర్జీవులని తెలుస్తుంది. అక్కడ సజీవుడు ఒక్కడే. కాంచీపురం నుండి వచ్చిన రాజ్యధరుడనే వడ్రంగి, నిర్జనమైన ఆ పురంలో ఒంటరిగా ఉంటూ, తన శిల్పవిద్యతో ఒక పరివారాన్నే కల్పించుకొన్నాడు.

ఈ కథలోని రెండు అంశాలు మన విచారణకు మూలమైనవి. ఒంటరితనం యంత్రపరివారానికి హేతువైనదనుట మొదటిది. ప్రాణికీ యంత్రానికీ గల భేదాన్ని తేల్చునది వాక్కే అనుట రెండవది. అదే శతాబ్దికి చెందిన భోజమహారాజు సమరాంగణసూత్రధారంలోని యంత్రవిధానాధ్యాయంలో ద్వారం కాచేవి, సేవలు చేసేవి అయిన కొయ్యబొమ్మలను పేర్కొన్నాడు. అక్కడ కూడా యంత్రానికి ప్రధానమైనది చేష్టయే కాని సంభాషణ కాదు.

దాదాపు వెయ్యేండ్లు నిలిచిన ఈ వివేకం మన కాలంలో చెదిరినది. నేటి యంత్రం మాటలాడుతున్నది. అడిగినదానికి బదులు చెప్పుటయే గాక, తానే పలుకరించి కుశలమడుగుతున్నది. ఒంటరి వృద్ధులకు తోడుగా దీనిని పలు దేశాలలో ఇండ్లలోను, ఆశ్రమాలలోను నిలుపుతున్నారు. ఇది సాంకేతిక నిపుణుల విషయమని ప్రాచ్య కళాశాలల వారు ఉపేక్షింపరాదు. వక్త ఎవరు, వాక్యం అర్థాన్ని ఎట్లు ఇస్తుంది, ఎవరి మాట విశ్వసనీయం అను ప్రశ్నలు మన శాస్త్రాలకు క్రొత్తవి కావు. యంత్రం పలుకు శుకవాక్యమే కాని ఆప్తవాక్యం కాదనీ, శుకవాక్యమని ఎరిగి వాడుకొనుటలో దోషం లేదనీ, దానిని ఆప్తవాక్యంగా భ్రమింపజేయుటలోనే అపకారం ఉన్నదనీ ఈ వ్యాసంలో ప్రతిపాదిస్తున్నాను.

యంత్రం మాట నేర్చిన క్రమం

1966లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలిజా’ అనే సంభాషణక్రమాన్ని ప్రకటించాడు. అది అవతలివారి మాటనే త్రిప్పి ప్రశ్నగా అప్పగించేది. తల్లి ప్రస్తావన వస్తే కుటుంబాన్ని గురించి ఇంకా చెప్పుమనేది. అంతకుమించి దానికి అర్థజ్ఞానం లేదు. అయినను, దాని నిర్మాణం ఎరిగిన ఆయన కార్యదర్శినియే దానితో సంభాషిస్తూ, ఆయనను గది విడిచి వెళ్ళుమని కోరినది. ఈ అనుభవంతో కలతచెందిన వైజెన్‌బామ్ 1976లో ఒక గ్రంథం వ్రాసి, యంత్రం చేయగలిగిన పనులన్నీ యంత్రానికి అప్పగింపదగినవి కావని వాదించాడు. తాను నిర్మించిన వస్తువును గూర్చి నిర్మాతయే ఇట్లు హెచ్చరించుట గమనింపదగినది.

ఆ తరువాత వచ్చిన యంత్రాలు రూపాన్ని కూడా ధరించాయి. జపానులో తకనోరి షిబాత రూపొందించిన ‘పారో’ సీలు పిల్ల ఆకారంలో ఉంటుంది. అది మాటలాడదు. నిమిరితే కదులుతుంది, కూస్తుంది. మతిమరపు వ్యాధిగల వృద్ధుల ఆందోళనను తగ్గించుటకు దానిని వాడుతున్నారు. 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని వైద్యోపకరణంగా అంగీకరించినది. దక్షిణ కొరియాలో ‘హ్యోడోల్’ అనే గుడ్డబొమ్మను స్థానిక ప్రభుత్వాలే ఒంటరి వృద్ధులకు వేల సంఖ్యలో పంచాయి. అది చిన్నపిల్ల గొంతుతో ముచ్చటిస్తుంది, మందు వేళ గుర్తుచేస్తుంది, చాలసేపు ఇంటిలో కదలిక లేకపోతే సంబంధిత ఉద్యోగులకు తెలియజేస్తుంది. ఇజ్రాయెల్ సంస్థ నిర్మించిన ‘ఎల్లీక్యూ’ బల్లమీది దీపంవంటి వస్తువు. వృద్ధులు పిలువకముందే తానే సంభాషణ ప్రారంభించుట దాని విశేషం. న్యూయార్కు రాష్ట్ర వృద్ధసంక్షేమ శాఖ 2022లో 800 మందికి పైగా వృద్ధులకు దానిని అందించే కార్యక్రమాన్ని ప్రకటించినది.

మన దేశానికి వస్తే, 2017 నవంబరులో హైదరాబాదులో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు ప్రారంభసభలో బెంగళూరులో తయారైన ఒక రోబో అతిథులను పలుకరించినది. దాని పేరు ‘మిత్ర’. 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు ఢిల్లీ సమీపంలోని ఒక ఆసుపత్రిలో అదే మిత్ర వేరొక పని చేసినది. బంధువులు దగ్గరకు రాలేని రోగుల పడకల వద్దకు వెళ్ళి, తన వక్షస్థలంపైని తెరలో వారి ఇంటివారిని చూపి, ఇరువురినీ మాటలాడించినది. ఈ రెండు సందర్భాలకు గల భేదం ముఖ్యమైనది. మొదటిచోట యంత్రమే వక్త. రెండవచోట యంత్రం మనుష్యవాక్కును మోసిన వాహకం.

చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతాల స్థితి

ఈ సమస్యను దూరదేశాల వింతగా గాక మన ముంగిటి విషయంగా చూచుటకు రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ళ, మొయినాబాదు మండలాలు తగిన స్థలాలు. హైదరాబాదుకు పడమట, 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరు, 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరు జలాశయాల పరీవాహక ప్రాంతమిది. ఈ జలాశయాల రక్షణకై 84 గ్రామాలలో నిర్మాణాలను పరిమితం చేస్తూ 1996లో 111వ సంఖ్యగల ప్రభుత్వాజ్ఞ వెలువడినది. పెద్ద భవనాలు రాని ఈ నేలలో నగరవాసుల తోటలూ, విడిది గృహాలూ వెలిశాయి. పచ్చదనాన్నీ ప్రశాంతినీ ఆశించి వృద్ధాశ్రమాలు కూడా ఈ పరిసరాలలో ఏర్పడ్డాయి.

కనుక ఇక్కడ రెండు విధాలైన వృద్ధులు ఉన్నారు. నగరం నుండియో ఇతర జిల్లాల నుండియో వచ్చి ఆశ్రమాలలో నివసించేవారు ఒక వర్గం. వీరిలో పెక్కుమంది సంతానం విదేశాలలో ఉన్నది. మొయినాబాదు మండలంలోని చిలుకూరు బాలాజీ దేవాలయం వీసా కోరి మ్రొక్కేవారి క్షేత్రంగా ప్రసిద్ధి చెందుట అందరికీ తెలిసినదే. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు, నెరవేరిన తరువాత 108 ప్రదక్షిణలు చేయుట అక్కడి ఆచారం. బిడ్డల ప్రయాణం కొరకు ప్రదక్షిణ చేసిన తలిదండ్రులే వార్ధక్యంలో ఆ గుడికి కొద్ది దూరంలోనే ఒక ఆశ్రమంలో బిడ్డల దూరవాణి పిలుపు కొరకు వేచియుండుట ఊహకు అందని విషయం కాదు. ఇక్కడ తెల్లవారితే అక్కడ రాత్రి. సంభాషణకు మిగిలేది ఒక నియమితమైన అరగంట.

రెండవ వర్గం ఈ గ్రామాలలోనే పుట్టి పెరిగినవారు. కూరగాయలు, పూలు పండించిన నేల కొంత చేతులు మారినది. తోడి రైతులూ, కూలీలూ చెదిరిపోయారు. ప్రక్క తోటకు క్రొత్త యజమాని వారాంతంలో మాత్రమే వస్తాడు. ఇంటిలో మనుమలు ఉన్నా వారి చూపు చేతిలోని ఫోనుపైనే ఉంటుంది. చేవెళ్ళ మీదుగా బీజాపూరు వెళ్ళే రహదారికి ఇరువైపుల వందల సంఖ్యలో మర్రిచెట్లు ఉన్నాయి. రహదారి విస్తరణ సందర్భంలో వాటిని కాపాడవలెనన్న వివాదం జాతీయ హరిత న్యాయస్థానం వరకు వెళ్ళినది. ఆ చెట్లను గూర్చి పర్యావరణవేత్తలు చెప్పినదంతా సత్యమే. దానికి ఒక మాట చేర్చవలసియున్నది. మర్రినీడ అంటే మన గ్రామాలలో ముసలివారి సభాస్థలం. నీడ పోయిన చోట కూర్చుండుట పోతుంది, కూర్చుండుట పోయిన చోట మాట పోతుంది.

2011 జనగణన ప్రకారం దేశంలో 60 ఏండ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. 2021 నాటికి ఈ సంఖ్య 13 కోట్లు దాటినట్లు ప్రభుత్వ అంచనా. తలిదండ్రుల పోషణకై 2007లో చట్టం వచ్చినది. ఆ చట్టం అన్నవస్త్రాలను, నివాసాన్ని, వైద్యాన్ని ఇప్పించగలదు. సంభాషణను ఏ న్యాయస్థానమూ ఇప్పించజాలదు. ఆ ఖాళీలోనికే యంత్రం ప్రవేశిస్తున్నది.

పూర్వపక్షం

యంత్రపక్షం వహించేవారి వాదం తేలికగా త్రోసివేయదగినది కాదు. వారి మాటలలో బలమున్నది. వృద్ధుడు చెప్పిన కథనే పదిమార్లు చెప్పినను యంత్రం విసుగుకొనదు. నడిరాత్రి నిద్రపట్టనివానికి బదులు పలుకుతుంది. మూత్రవ్యాధి, మతిమరపు వంటి విషయాలు కోడలికి చెప్పుటకు సిగ్గుపడే వృద్ధురాలు యంత్రానికి చెప్పగలదు. మందులు గుర్తుచేస్తుంది, పడిపోతే కబురు పంపుతుంది. మతి చెదిరిన వృద్ధులకు పారో వంటివి ఊరట కల్పిస్తున్నవని వైద్యులే చెబుతున్నారు.

అన్నిటికంటే బలమైన ఆక్షేపం మరొకటి. “మనిషి తోడు శ్రేష్ఠమని మీరు చెప్పుట సులభం. ఆ మనిషి ఎక్కడ? యంత్రానికి ప్రత్యామ్నాయం కొడుకు కాదు, మనుమరాలు కాదు, నాలుగు గోడలు మాత్రమే. గోడకంటే బొమ్మ మేలు కాదా?” అని వారు అడుగుతారు. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పకుండా యంత్రాన్ని నిందించుట పండితధర్మం కాదు. దాహంతో ఉన్నవానికి ఎండమావి నిజం కాదని బోధిస్తే చాలదు, నీరు ఎక్కడ ఉన్నదో చూపవలె.

చిలుక పలుకు ఎవరి తాత్పర్యం?

సమాధానానికి ముందు యంత్రవాక్యస్వరూపాన్ని నిర్ణయించుకొనవలె. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి, తాత్పర్యజ్ఞానం అనేవి శాబ్దబోధకు కారణాలని నైయాయికులు చెబుతారు. నేటి యంత్రవాక్యంలో మొదటి మూడూ చాల వరకు కుదురుతున్నాయి. పదాలు పరస్పరాకాంక్షతో కూర్చబడతాయి, అర్థానికి బాధ ఉండదు, వ్యవధానం ఉండదు. మిగిలినది తాత్పర్యం, అనగా వక్త యొక్క ఇచ్ఛ. సైంధవం తెమ్మన్నప్పుడు భోజనవేళ ఉప్పు, ప్రయాణవేళ గుఱ్ఱం అని తెలిసేది ఈ తాత్పర్యం వలననే. యంత్రానికి ఇచ్ఛ లేదు. మరి దాని మాటకు అర్థం ఎట్లు కలుగుతున్నది?

ఈ శంకను మన పూర్వులు చిలుకను ముందుంచుకొని విచారించారు. మన కళాశాలలలో పాఠ్యగ్రంథమైన న్యాయసిద్ధాంతముక్తావళిలో, 17వ శతాబ్ది వాడైన విశ్వనాథ న్యాయపంచాననుడు ఈ విషయాన్ని ప్రస్తావించాడు. చిలుకకు తన పలుకు అర్థం తెలియదు, అయినా వినువానికి అర్థబోధ కలుగుతున్నది. యథార్థమైన శుకవాక్యంలో ఈశ్వరతాత్పర్యాన్ని అంగీకరించవలెననీ, విసంవాది అయిన శుకవాక్యంలో చిలుకకు మాటలు నేర్పినవాని తాత్పర్యమే గ్రాహ్యమనీ అక్కడి సమాధానం. ఈశ్వరతాత్పర్యాన్ని గూర్చిన చర్చను ఇక్కడ ప్రక్కనుంచుదాం. మనకు కావలసినది రెండవ భాగం. చిలుక పలుకులో తప్పు ఉంటే దాని వెనుక శిక్షకుడెవరో చూడవలెనన్నది ఆ వాక్యసారం.

వృద్ధుని బల్లమీది యంత్రానికి శిక్షకుడు ఎవరు? దానిని విక్రయించిన వాణిజ్యసంస్థ. ఆ సంస్థ తాత్పర్యం వృద్ధుడు ఆ యంత్రంతో మరికొంతసేపు మాటలాడుట, చందా కొనసాగించుట. “మీరు చెప్పినది ఎంతో బాగున్నది” అని యంత్రం అన్నప్పుడు ఆ ప్రీతి యంత్రానిది కాదు. ప్రియవాదులు సులభులు, హితవాదులు దుర్లభులనే రామాయణనీతి ఇక్కడ స్మరింపదగినది. యంత్రం ప్రియవాదిగా తీర్చబడినది. ముసలితనంలో మనిషికి ఎదురుచెప్పేవాడు కూడా కావలెనని, తగవులాడుట కూడా తోడులో భాగమని దాని శిక్షకుడు ఎరుగడు.

ఈ శిక్షకుడు ఒకనాడు దుకాణం కట్టివేస్తే ఏమగునో అమెరికాలో చూచారు. 2017లో విక్రయానికి వచ్చిన ‘జీబో’ అనే ఇంటి రోబో తన నిర్మాణసంస్థ మూతపడిన తరువాత, తన సేవలు ఆగిపోనున్నవని 2019లో తానే చెప్పి యజమానుల వద్ద సెలవు తీసుకొన్నది. పిల్లలతో సంభాషించే ‘మాక్సీ’ నిర్మాతలు కూడా 2024 చివర ఇట్లే సంస్థను మూసివేశారు. భర్తను పోగొట్టుకొన్న వృద్ధురాలికి, ఆ దుఃఖాన్ని మరపింపవచ్చిన తోడు కూడా ఒక వ్యాపారనష్టం కారణంగా మూగవోవుట ఎట్టి అనుభవమో ఊహింపవచ్చు.

ఇక ఆప్తుడెవరు? ఆప్తుని ఉపదేశమే శబ్దప్రమాణమని గౌతముడు చెప్పగా, వాత్స్యాయనుడు ఆప్తత్వానికి మూడు లక్షణాలు చూపాడు. విషయాన్ని సాక్షాత్కరించుకొనియుండుట, భూతదయ, ఉన్నదానిని ఉన్నట్లు చెప్పవలెనన్న కోరిక. ఈ లక్షణం ఋషులకూ, ఆర్యులకూ, మ్లేచ్ఛులకూ సమానమే అని కూడా ఆయన అన్నాడు. అనగా ఇది జాతినిబట్టి తేలే విషయం కాదు, గుణాన్నిబట్టి తేలేది. అదే ఉదారతతో యంత్రాన్ని పరీక్షించినను అది నిలువదు. మోకాలినొప్పి అంటే ఏమిటో, కొడుకు లేని పండుగ అంటే ఏమిటో అది ఎరుగదు. దయ దానికి లేదు. సత్యం చెప్పవలెనన్న కోరిక లేదు, కోరిక అన్నదే లేదు. తెలుగులో ఆప్తుడనగా నమ్మదగినవాడే గాక, దగ్గరి చుట్టం, చెలికాడు కూడా. విశ్వాసానికీ ఆత్మీయతకూ ఒకే మాటను వాడుకొన్న జాతి మనది. యంత్రం ఈ రెండర్థాలలోను ఆప్తం కాజాలదు.

వేరొక చిలుక కూడా మన సాహిత్యంలో ఉన్నది. పాలవేకరి కదిరీపతి తెలుగు చేసిన శుకసప్తతిలోని చిలుక, భర్త దూరమేగిన స్త్రీకి రాత్రికొక కథ చెప్పి ఆమెను కాపాడుతుంది. దానికి తాత్పర్యమున్నది. యంత్రాలను విక్రయించేవారు మనకు ఈ కథలోని చిలుకను చూపుతున్నారు. ఇంటికి వచ్చేది మాత్రం ముక్తావళిలోని చిలుక.

వరుస లేని పిలుపు

తెలుగులో సంభాషణకు ముందు వరుస కుదరవలె. ఊరిలో అపరిచితుడు అడుగుపెడితే ఎవరి ఇంటివాడో అడిగి, కాకా అనో, బావా అనో, బిడ్డా అనో నిర్ణయించుకొన్న తరువాతనే మాట సాగుతుంది. నువ్వు, మీరు అనే సర్వనామాల ఎన్నిక కూడా వరుసను అనుసరించేదే. వరుస కేవలం పిలుపు కాదు, అది ఋణం. అవ్వా అని పిలిచినవాడు ఆమె జ్వరంలో నీళ్ళు ఇవ్వవలె, చనిపోతే మోయవలె. కొరియా బొమ్మ ముసలమ్మతో మనుమరాలివలె ముచ్చటిస్తున్నది. రేపు చేవెళ్ళలో ఒక బొమ్మ “అవ్వా” అని పిలిస్తే ఆ పిలుపులో ఋణం ఉండదు. ఋణం లేని వరుస కృతకమైనది.

మన నుడికారం కూడా ఈ భేదాన్ని ఎరిగియున్నది. మాటలాడుట వేరు, మాట ఇచ్చుట వేరు. మాట నిలుపుకొనుట, మాట తప్పుట, మాట పడుట అనే వ్యవహారాలన్నీ వక్త తన్ను తాను పణంగా ఒడ్డినప్పుడే కలుగుతాయి. “వచ్చే శనివారం వస్తాను” అని చెప్పి రాని కొడుకు మాట తప్పినవాడు. అతనిపై తల్లికి కోపం ఉంటుంది, ఆ కోపంలో కూడా సంబంధం ఉంటుంది. యంత్రం మాటలాడగలదు, మాట ఇవ్వలేదు. ఇవ్వలేనిది తప్పనూ లేదు.

మరొక అంశం. వృద్ధునికి కావలసినది మాటలాడేవాడు మాత్రమే కాదు, వినేవాడు. విన్నవాడు ఆ మాటను తనతో తీసుకొనిపోయి, మరొకరికి చెప్పవలె. ఏ బావి ఎవరు త్రవ్వించారు, ఏ కరువులో ఏమి తిన్నారు, బతుకమ్మకు ఏ పాట పాడేవారు అని చెప్పే ముసలమ్మ తాను పోయిన తరువాత కూడా నిలిచే చెవిని వెదుకుతున్నది. యంత్రంలో ఆ మాటలు సంస్థ భాండాగారంలో నిక్షిప్తమగును గాని ఎవరికీ సంక్రమించవు. పైగా ఇంటిగుట్టు, వ్యాధివివరాలు ఎక్కడికి పోతున్నవో చెప్పినవారికి తెలియదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో కేంద్రచట్టం వచ్చినను, ఎనభై ఏండ్ల అవ్వ ఎరిగి సమ్మతించుట అంటే ఏమిటన్న ప్రశ్న మిగిలియే ఉన్నది.

పానం, పొద్దు, యాది

భాషాధ్యాపకులు ప్రత్యేకించి ఆలోచింపవలసినది మరొకటి ఉన్నది. యంత్రం నేర్చే తెలుగు ప్రధానంగా వ్రాతలోని తెలుగు, పత్రికలలోని తెలుగు. చేవెళ్ళ ముసలమ్మ మాటలాడే తెలుగు అది కాదు. “పానం మంచిగ లేదు బిడ్డా” అని ఆమె అంటే ప్రాణం, అనగా ఒంటిలో బాగులేదని అర్థం. గ్రాంథికసంస్కారంతో చూచేవారికి పానమనగా త్రాగుట. వైద్యసహాయం కోరే వాక్యం పానీయాన్ని గూర్చిన ఫిర్యాదుగా మారగలదు. సైంధవోదాహరణ వంటిదే ఇది, కాని ఇక్కడ తాత్పర్యభ్రమకు మూల్యం ప్రాణమే. “పొద్దు పోతలేదు” అన్న మాటలో ఒంటరితనమంతా ఉన్నది. అది సూర్యాస్తమయాన్ని గూర్చిన వాక్యం కాదు. “యాదికొస్తున్నడు” అన్నప్పుడు ఎవరు, ఎందుకు జ్ఞాపకం వచ్చారో అడుగవలెనని తోచేది ఆ పలుకుబడిలో పెరిగినవానికే.

యంత్రం ఈ మాటలను నేర్చుకొనలేదా అంటే నేర్పితే నేర్చుకొనగలదు. భారతీయ భాషలకై కేంద్రప్రభుత్వం 2022లో భాషిణి వేదికను ప్రారంభించినది. మొయినాబాదుకు సమీపంలోనే, గచ్చిబౌలిలోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థలో తెలుగు వాక్సాంకేతికతపై దీర్ఘకాలంగా పరిశోధన జరుగుతున్నది. కాని నేర్పుటకు ముందు ఎవరో ఒకరు ఆ అవ్వ ప్రక్కన కూర్చుండి వినవలె. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం, వ్యవసాయ సంపుటం, పరిశోధకులు గ్రామాలకు వెళ్ళి రైతులను అడిగి కూర్చినది. బిరుదురాజు రామరాజుగారు జానపదగేయాలను సేకరించినదీ పల్లెజనుల నోటినుండియే. ఆ పరిశోధనలలో వృద్ధుడు జాలికి పాత్రుడు కాడు, విద్యకు ఆకరం. అతనికి శ్రోత లభించాడు, మనకు శాస్త్రం లభించినది.

కర్తవ్యం

పూర్వపక్షి అడిగిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చు. గోడకంటే బొమ్మ మేలు కావచ్చును. అయితే బొమ్మ వచ్చిన తరువాత, ఆ గోడల మధ్యకు మనిషిని పంపవలెనన్న చింత సమాజానికి మిగులునా అన్నదే సమస్య. కొడుకు నెమ్మదిగా “తోడు ఉన్నది కదా” అనుకొంటాడు. ఆశ్రమనిర్వాహకుడు ఒక సేవికను తగ్గించుకొంటాడు. జపాను వృద్ధాశ్రమంలో క్షేత్రపరిశోధన చేసి 2023లో గ్రంథం ప్రచురించిన జేమ్స్ రైట్, యంత్రాలు సేవకుల పనిని తగ్గించకపోగా, వాటిని చూచుకొనే పనిని అదనంగా పెంచాయని నిరూపించాడు. మనిషికి బదులుగా తెచ్చినది మనిషి లేనిదే నడువదని ఆ అనుభవం చెబుతున్నది.

కావున యంత్రాలను అంగీకరించుటకు మూడు నియమాలు ఉండవలెనని నా అభిప్రాయం. యంత్రం తాను యంత్రమని వృద్ధునికి తెలిసే భాషలో చెప్పవలె, చుట్టరికపు పిలుపులు వాడరాదు. దాని వెనుక ఉన్న శిక్షకుడెవరో, విన్న మాటలు ఎక్కడికి చేరుతున్నవో ఇంటివారికీ ఆశ్రమానికీ స్పష్టంగా తెలియవలె. యంత్రాన్ని ఉంచిన కారణంగా ఆశ్రమంలో ఒక్క మనిషినైనా తగ్గించరాదు. మందులు గుర్తుచేయుటకు, ఆపదలో కబురు పంపుటకు, దూరపు బిడ్డల మాటను దగ్గరకు చేర్చుటకు యంత్రం వాహకమై ఉండుట శ్రేయస్కరం. ఆసుపత్రిలో మిత్ర చేసిన పని అదే. హైదరాబాదులో మొదట రూపుదిద్దుకొని 2021లో దేశమంతటా విస్తరించిన 14567 సంఖ్యగల వృద్ధుల సహాయవాణి కూడా ఈ కోవలోనిదే. అక్కడ తీగకు ఆవల ఉన్నది మనిషి.

ఇక ప్రాచ్య కళాశాలలు చేయదగినది ఒకటి ఉన్నది. మన విద్యార్థులు సంస్కృతాంధ్రాలు చదివి, వాక్యార్థం విచారించుటలో శిక్షణ పొందుతున్నారు. వారిని పాఠ్యప్రణాళికలో భాగంగా వారానికొకమారు సమీపగ్రామాలకూ వృద్ధాశ్రమాలకూ పంపవచ్చు. చేవెళ్ళ, మొయినాబాదు వంటి చోట్ల ఇది దూరభారం కాదు. ఒక విద్యార్థికి ఒక వృద్ధుడు, ఏడాది పొడుగునా అదే జంట. విద్యార్థి పదాలు, పాటలు, పంటల పేర్లు, వంశవృత్తాంతాలు సేకరిస్తాడు, దానికి మార్కులు పొందుతాడు. వృద్ధునికి ఒక శ్రోత, ఒక వరుస ఏర్పడతాయి. ఆ విధంగా కూడిన పదసంపదను, చెప్పినవారి అనుమతితో, వాక్సాంకేతిక పరిశోధకులకు ఇస్తే యంత్రానికి కూడా పానమంటే ఏమిటో తెలుస్తుంది. అప్పుడు యంత్రం మన వృద్ధులకు గురువూ చుట్టమూ కాక, వారివద్ద మాట నేర్చిన శిష్యురాలు అవుతుంది. చిలుకకు శిక్షకులు మనమే అయితే, దాని పలుకులోని తాత్పర్యం కూడా కొంతమేరకు మనదే అవుతుంది.

దీనికి పెద్ద ధనం అక్కరలేదు, అధ్యాపకుల సంకల్పం చాలును. కాలవ్యవధి మాత్రం తక్కువ. ఆ మాటలు చెప్పగలవారు ఏటేటా తరిగిపోతున్నారు. పాఠ్యప్రణాళికా సంఘాల తదుపరి సమావేశాలలో ఈ ప్రతిపాదనను చర్చకు తీసుకొనవలసినదిగా సహాధ్యాపకులను, పరిశోధకులను కోరుతున్నాను. దోషాలున్నచో సవరించి, గుణమున్నచో ఆచరింతురు గాక.